లచ్చక్క బీరు వాడిక

బహ్రెయిన్‌లోని అమ్వాజ్‌లో నేను చూసుకునే బిల్డింగు కింద ఒక పంపు రూము ఉంది. ఈ రోజు పొద్దున దాని తలుపు తీయగానే మోటార్ల నూనె వాసనతోపాటు ఇంకో వాసన తగిలింది. పులిసిన పిండి వాసన, ఉడికిన బార్లీ వాసన, వాటి అడుగున సన్నగా వేపపువ్వు చేదు. ఇంకెవరైనా అయితే డ్రైనేజీ కంపు అనుకుని ముక్కు మూసుకునేవారు. నాకు మాత్రం అదేమిటో వెంటనే తెలిసిపోయింది. మూలన పెద్ద పైపు పక్కన నీలం బకెట్ ఒకటి బోర్లించి ఉంది. నేను దాన్ని లేపలేదు. ఆ రూముకు తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గర ఉంటుంది, ఇంకోటి ప్లంబరు పోశెట్టి దగ్గర ఉంటుంది.

రేపు ఓనర్ల తరఫు మనుషులు తనిఖీకి వస్తున్నారు. సూపర్‌వైజర్‌గా నేను చేయవలసింది తేలికైన పనే, ఆఫీసుకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పడం. ఫోను తీశాను కూడా. నంబరు నొక్కలేకపోయాను. అక్కడున్న పాత ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని బకెట్ పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళ తరువాత కూడా నన్ను అలా కూర్చోబెట్టింది లచ్చక్కే. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె ఎవరో మీకు తెలియదు కాబట్టి మొదటినుంచీ చెప్పాలి.

లచ్చక్కది జగిత్యాల వైపు ఒక పల్లె. పొట్టి మనిషి, గబగబా నడక, ఎప్పుడూ తడిగా ఉండే చేతులు. కల్లు గీసే గౌండ్ల ఇల్లు వాళ్ళది. ఇంటాయన తాటిచెట్టు మీద మోకు జారి పడి, నడుము విరిగి మంచం పట్టాడు. అప్పుడు ఆమె దుబాయి బయలుదేరింది. మా వైపు గల్ఫ్‌లో ఏ దేశం వెళ్ళినా దుబాయే అంటారు. ఆమె కూడా బహ్రెయిన్‌లో అన్నేళ్ళు ఉండి దాన్ని దుబాయే అన్నది. ఒక అరబ్బీ ఇంట్లో ముసలమ్మకు వండిపెట్టడానికి వచ్చింది. ముసలమ్మ పోయాక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, “బయట ఎక్కడైనా చేసుకో” అని వదిలేశాడు. కాగితాల మీద మాత్రం ఆమె ఇంకా ఆ ఇంటి వంటమనిషే. మహూజ్‌లో ఒక పాత బిల్డింగులో చిన్న ఫ్లాటు తీసుకుని, మాలాంటి ఒంటరి మగవాళ్ళకు మెస్సు నడిపేది. నేను అదే బిల్డింగులో పై అంతస్తులో ఉండేవాణ్ణి. ఏసీ మెకానిక్‌ని. కంపెనీ వ్యాను నా చేతిలో ఉండేది కనుక ఆమె క్యారియర్లు కూలీల క్యాంపులకు చేర్చేవాణ్ణి. అందుకు నా బువ్వ ఆమె దగ్గరే.

ఆమెకున్నంత భయం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. లిఫ్టు కొంచెం ఊగితే దేవుళ్ళందరినీ పిలిచేది. వీధిలో పోలీసు బండి కనిపిస్తే, అది ఎవరో డాక్టరు ఇంటి ముందు ఆగినా సరే, గ్యాసు కట్టేసి తలుపు వెనక నిలబడేది. కొత్త మనిషి నంబరు నుంచి ఫోన్ వస్తే నా చేతికిచ్చి “నువ్వు మాట్లాడు తమ్మీ, నేను లేనని చెప్పు” అనేది. నేను పడీ పడీ నవ్వేవాణ్ణి. ఇంత పిరికిది దేశం దాటి ఎలా వచ్చిందా అనుకునేవాణ్ణి. అలాంటి మనిషి తన వంటింట్లో దొంగచాటుగా బీరు కాస్తుందంటే ఎవరు నమ్ముతారు?

ఆమెచేత ఆ పని చేయించింది కూడా భయమే. అప్పట్లో క్యాంపుల్లో క్యాన్ సరుకు అని దొంగసారా తిరిగేది. ఎవరు చేస్తారో, అందులో ఏం కలుపుతారో దేవుడికే తెలియాలి. లైసెన్సు దుకాణాల్లో దొరికేది మా జీతాలకు అందేది కాదు. ఆమె ఊరివాడే మల్లేశం అని సెంట్రింగు పనివాడు ఒకడు ఆ సరుకు తాగి చూపు పోగొట్టుకున్నాడు. నేనే ఆమెను ఆస్పత్రికి తీసుకుపోయాను. మంచం మీద కూర్చుని, గాలిలో చేతులు తడుముతూ మల్లేశం అడిగాడు.

“అక్కా, నువ్వేనా? లైటు బందు జేసిన్రా?”

కిటికీలోంచి మిట్టమధ్యాహ్నం ఎండ వాడి ముఖం మీదే పడుతోంది. లచ్చక్క ఏడవలేదు. “ఆఁ, బందు జేసిన్రు తమ్మీ” అని వాడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. వ్యానులో తిరిగి బయలుదేరాం. ఇల్లు వచ్చేముందు అన్నది.

“తాగకున్రి అంటే ఇనరు. నా మాట ఎవడింటడు? మా ఇంట్ల తాతల సంది పోస్తనే ఉన్నం తమ్మీ. మనిషి కండ్లు పోయేటిది ఎన్నడు పొయ్యలే.”

ఆ వారమే బార్లీ నానబెట్టింది. రాగులు మొలకెత్తించి ఎండబెట్టి వేయించే మనుషులకు బార్లీ ఒక లెక్క కాదు. అరబ్బీ ఇంట్లో పనిచేసినప్పుడు ఆ ఇంటి పక్కనుండే తెల్లదొరసాని సరదాకు బీరు కాయడం చూసిందట, మిగతాది అక్కడ పట్టింది. చేదు కోసం దొరసాని ఏదో పువ్వు వేసేదని చెప్పి, ఆమె ఊరినుంచి తెప్పించిన ఎండు వేపపువ్వు వేసింది. మొదటిసారి చిత్తుకాగితం నానబెట్టిన నీళ్ళలా వచ్చింది. రెండోసారి పులుపెక్కి పాడైంది. ఆ తరువాత కుదిరింది. మా ఊళ్ళ కల్లుకూ దానికీ పోలికే లేదు, కానీ ఒక గుటక దిగాక వెనకనుంచి వచ్చే వేపచేదులో ఇల్లు గుర్తుకు వచ్చేది.

పాలవాడు ఎవరింటికి ఎన్ని పాలో కుదుర్చుకుని నెలంతా తప్పకుండా పోస్తే, మా వైపు వాటిని వాడిక పాలు అంటారు. కల్లుకూ అంతే. వాడిక ఉన్న ఇంటికి ముందు పోసి, తరువాతే ఎవరికైనా. లచ్చక్క బీరును కూడా వాడికకే పెట్టింది. తలుపు తట్టి అడిగినవాడికి చుక్క ఇచ్చేది కాదు. పదిమందికి పైన ఉండేవాళ్ళం, అందరూ మెస్సు మనుషులే, అందరి ఊళ్ళూ ఇళ్ళూ ఆమెకు తెలుసు. నెలకు ఇంతని మెస్సు డబ్బుతోపాటే ఇచ్చేవాళ్ళు. గురువారం సాయంత్రం క్యారియరుతోపాటు సీసా వెళ్ళేది. శుక్రవారం సెలవు. శనివారం ఖాళీ సీసా తిరిగి రావాలి. ఒక్కొక్కరి సీసా మెడకు ఒక్కో రంగు దారం కట్టేది. నాది పసుపు. మామీర్ క్యాంపులో ఉండే నర్సయ్యది ఆకుపచ్చ.

కొత్త కుండ దింపిన ప్రతిసారీ మొదటి గ్లాసు ఆమే తాగేది. తాగి మర్నాటి దాకా ఎవరికీ ఇచ్చేది కాదు. గోడమీద అమ్మవారి బొమ్మతో తెలుగు క్యాలెండరు ఒకటి ఉండేది. వంట చేస్తూ చేస్తూ గరిటె పక్కన పెట్టి, గది ఆ చివరనుంచి దాన్నే కళ్ళు చికిలించి చూసేది. ఒకరోజు అడిగాను, ఏం చూస్తున్నావని.

“అమ్మ ముక్కుపుడక కనబడ్తాందా లేదా అని.”

“అక్కా, ఇది ఉట్టి బీరు. దీంతోని కండ్లు పోవు.”

“ఏమో తమ్మీ. మల్లేశం గూడ ఏమైతదనే తాగిండు.”

నాకు నవ్వు రాలేదు. ఆ రోజునుంచి గురువారం వచ్చేసరికి నాకు కూడా భయం పట్టుకునేది. నేను పంచిన సీసా తాగి ఎవరైనా లేవకపోతే? వ్యానులో సీసాల గలగల వినిపించినప్పుడల్లా రేడియో పెంచేవాణ్ణి. ప్రతి సిగ్నలు దగ్గరా పక్క బండివాడు నన్నే చూస్తున్నాడనిపించేది. పట్టుకుంటే జైలు, ఆ తరువాత మళ్ళీ రాకుండా పంపేయడం. నాకు ఊళ్ళో చెల్లె పెళ్ళికి ఉంది. ఆమెకు మంచంలో మనిషి ఉన్నాడు.

ఒకసారి బిల్డింగు వాచ్‌మన్, ఇంటి ఓనరు మేనేజరు కలిసి పొద్దునపూట తలుపు కొట్టారు. కింది ఫ్లాటు సీలింగులో నీళ్ళు కారుతున్నాయట, పైపులు చూడాలన్నారు. నేను అప్పుడే క్యారియర్ల కోసం వచ్చి ఉన్నాను. వాళ్ళు వంటింటి గడపలో ఉండగా అల్మారాలో ఒక సీసా ఢామ్మని పేలింది. నురగ తలుపు సందులోంచి నేలమీదికి జారడం నాకు కనిపిస్తోంది. మేనేజరు ఉలిక్కిపడి “క్యా హై?” అన్నాడు. లచ్చక్క ముఖం పాలిపోయింది. అయినా కాళ్ళు కదిలాయి. పొయ్యి మీద కుక్కరు వెయిటు పక్కకు తోసింది. వంటిల్లంతా ఆవిరి, చప్పుడు, పప్పు వాసన. “కుకర్ సాబ్, పురానా కుకర్” అంటూ వాళ్ళను వెనక్కు నెట్టినంత పని చేసింది. పైపు రేపు చూస్తామని వాళ్ళు వెళ్ళిపోయారు. తలుపు మూసి ఆమె నేలమీద కూలబడింది. చెయ్యి ఎర్రగా కాలి ఉంది. దాన్ని చూసుకోకుండా నన్ను అడిగింది, “నీకేం కాలే గద తమ్మీ? గాజుపెంక తాకిందా?”

ఇప్పుడు ఖాజా భాయ్ గురించి చెప్పాలి. మామీర్ క్యాంపు గేటు దగ్గర కాపలా ఉండేవాడు. బోధన్ మనిషి. నమాజు మానడు, అబద్ధం ఆడాలంటే నత్తి వస్తుంది. లచ్చక్క మెస్సులో అతనికీ క్యారియరు ఉండేది. అతని వంట ఆమె వేరే గిన్నెల్లో చేసేది. బీరు ముట్టిన చేతిని సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటే తప్ప ఆ గిన్నెలు ముట్టేది కాదు. “ఆయనకు తెల్వకపోవచ్చు. నాకు తెలుసు గద” అనేది. వాడిక కావాలని సాయిబులెవరైనా చాటుగా అడిగినా ఇచ్చేది కాదు. నర్సయ్య సీసా ప్రతి గురువారం ఆ గేటులోంచే లోపలికి వెళ్ళేది. ఖాజా భాయ్ నా సంచీలోకి ఎప్పుడూ తొంగిచూడలేదు. మంచివాడు, ఏమీ తెలియదు అనుకున్నాం.

అది ఆషాఢం. నర్సయ్య బిడ్డకు ఊళ్ళో విషజ్వరం, కరీంనగర్ ఆస్పత్రిలో వేశారు. పదేళ్ళ పిల్ల. ఆ వారం నర్సయ్య బువ్వ సగం సగమే తిని క్యారియరు పంపేవాడు. శనివారం అందరి సీసాలు వచ్చాయి, ఆకుపచ్చ దారం సీసా రాలేదు. “సీసాలన్నీ వచ్చినయా తమ్మీ?” అని ఆమె ఎప్పటిలాగే అడిగింది. ఒకటి రాలేదన్నాను. ఆమె ఆ పూట తినలేదు. ఆదివారం పొద్దున నర్సయ్య ఫోను కలిసింది. స్పీకరులో వాడి గొంతు, వెనక సైటు మిషన్ల మోత.

“తాగలేదక్కా. ఎల్లమ్మకు వెట్టిన. పొద్దుగాల డ్యూటీకి పోంగ, గేటు కాడి యాపచెట్టు కింద.”

“ఏం వెట్టినవు? సీసనా?”

“ఆఁ. పసుపు కుంకుమ వెట్టి, యాపకొమ్మ కట్టి, నిమ్మకాయ గోసి. ఈడ కల్లు ఏడ దొరుకుతది అక్కా? బిడ్డకు జర్రంత నిమ్మలమైతే సాలు.”

అమ్మవారి ముందు నేలమీద కల్లు సాక పోయడం మా ఇళ్ళల్లో పుట్టినప్పటినుంచీ చూసిందే. అందులో వింతేమీ లేదు. కానీ ఇక్కడ, క్యాంపు గేటు ముందు, మూత తీసిన బీరు సీసా. దానికి పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయ. చూసినవాడికి మందు సీసా ఒక నేరం, అది చేతబడి అనుకుంటే అంతకు మించిన నేరం. ఎవరి సీసా అని అడిగితే నర్సయ్య. ఎవరిచ్చారంటే మేము. లచ్చక్క ఫోను పెట్టేసి గోడ పట్టుకుంది. నేను గడియారం చూశాను. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బయటి పనులు బందు. పన్నెండు దాటగానే కంపెనీ బస్సులు క్యాంపుకు తిరిగి వస్తాయి, వాటితోపాటు క్యాంపు బాసు కూడా వస్తాడు.

“నువ్వుండు, నేను పోతా” అన్నాను.

“ఎట్ల ఉంట? సీస నాది” అని ఖాజా భాయ్ క్యారియరు చేతిలోకి తీసుకుని వ్యాను ఎక్కింది. దారంతా కళ్ళు మూసుకునే ఉంది. సిత్రా వంతెన దాటి ఫ్యాక్టరీల పొగ వాసన మొదలైంది. ఆమె పళ్ళు కటకట కొట్టుకోవడం ఏసీ చప్పుడులో కూడా నాకు వినబడింది. బయట నిప్పులు చెరిగే ఎండ.

గేటు దగ్గర బండి ఆపి చూస్తే చెట్టు కింద సీసా లేదు. పచ్చ బకెట్ ఒకటి బోర్లించి ఉంది. దాని పక్కన కుర్చీ వేసుకుని ఖాజా భాయ్ కూర్చున్నాడు. ఆ బక్క వేపచెట్టుకు నీడ ఎంత, తలకు కూడా చాలదు. చల్లటి క్యాబిను వెనకే ఉంది. ఆయన చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, పెదవులు ఎండి తెల్లబడ్డాయి. మమ్మల్ని చూసి మెల్లగా అన్నాడు.

“వచ్చిన్రా? జల్ది దియ్యండ్రి అక్కా. పొద్దుగాల సంది గిట్లనే కూసున్న.”

ఆమె వంగేలోపే వెనక కారు హారను వినిపించింది. క్యాంపు బాసు ముందే వచ్చేశాడు. దిగి మా వైపే నడిచాడు. ఎండలో ఎందుకు కూర్చున్నావని ఖాజా భాయ్‌ని హిందీలో అడిగాడు. ఖాజా భాయ్ లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. “పా... పా... పానీ సాబ్” అన్నాడు. బాసు చూపు బకెట్ మీద పడింది. కాలి బూటు ముందుకు జరిపాడు, బకెట్ అంచు కిందికి. ఒక్క తోపు తోస్తే చాలు.

అప్పుడు లచ్చక్క నడిచి వెళ్ళి, చేతిలోని క్యారియరు తెచ్చి ఆ బకెట్ మీద పెట్టింది.

పెట్టి, మూత తీసి, గిన్నెలు విప్పి దాని మీదే సర్దింది. అన్నం, పప్పు, బెండకాయ వేపుడు. “ఖానా సాబ్, ఖాజా భాయ్ కా ఖానా” అన్నది. “దూప్ మే చక్కర్ ఆయా.” ఎండకు కళ్ళు తిరిగాయని, ఆమెకు వచ్చిన హిందీలో. చేతులు ఎంత వణికాయంటే స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. ఖాజా భాయ్ కుర్చీలో కూర్చున్నాడు. బిస్మిల్లా అని, బకెట్ మీది గిన్నెలోంచి అన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆ బకెట్ కింద ఏముందో తెలిసి, బాసు కళ్ళ ముందు, ముద్ద వెనక ముద్ద తిన్నాడు. బాసు కాసేపు చూశాడు. లోపల ఏసీలో తినమని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన ఆఫీసు తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

ఖాజా భాయ్ గిన్నెలు దించి, ముఖం అటు తిప్పుకుని నిలబడ్డాడు. లచ్చక్క బకెట్ లేపింది. సీసాకు పెట్టిన పసుపు ఎండకు ఎండి పెచ్చులు కట్టింది. ఆకుపచ్చ దారం అలాగే ఉంది. ఆమె సీసా తీసుకుని చెట్టు మొదట్లో వంపింది. “తల్లీ, అందుకో. పసిపిల్ల, సల్లగ సూడు” అన్నది. ఇసుక క్షణంలో పీల్చేసింది. ఖాళీ సీసాను కొంగుతో తుడిచి సంచీలో పెట్టుకుంది. తరువాత ఖాజా భాయ్‌ని అడిగింది.

“ఎందుకు గిట్ల జేసినవ్ భాయ్? నీ కొలువు పోతుండె గద.”

“సీసాలు పోతున్నయని నాకు ఎర్కనే అక్కా, సూడనట్టు ఉన్న. గని ఇది తాగెటందుకు వెట్టింది గాదు. బిడ్డ పానం బాగలేదని నర్సయ్య నిన్న నా ముందల ఏడ్సిండు. మా అమ్మ గూడ నా కోసం దర్గాల చాదర్ కప్పుతది. దీన్ని నేను ముట్టనీకి రాదు, కాలుతోని తన్ననీకి మనసొప్పలే. బకెట్ బోర్లించిన, కూసున్న. ఇంకేం జెయ్యాల్నో తెల్వలే.”

తిరిగి వచ్చేటప్పుడు వంతెన దాటాక వ్యాను ఆపమని, రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. నీళ్ళతో ముఖం కడుక్కుని వచ్చి కూర్చుని అన్నది, “ఖలాస్ తమ్మీ. బంద్.”

ఆ సాయంత్రమే కుండలో ఉన్నదీ సీసాల్లో ఉన్నదీ అంతా బాత్రూములో పారబోసింది. వాడికవాళ్ళు కొందరు కోపానికి వచ్చారు, కొందరు బతిమాలారు. నేను కూడా అన్నాను, సీసా దొరికింది కదా, ఎవరికీ ఏమీ కాలేదు కదా, కొన్నాళ్ళు ఆగి మళ్ళీ మొదలుపెడదామని. నర్సయ్య మీద మాత్రం ఆమె ఒక్క మాట విసరలేదు. నాకు చెప్పిన మాట ఇది.

“నాకైతదని భయం ఉండె, నీకైతదని భయం ఉండె, తాగెటోళ్ళకైతదని భయం ఉండె. తాగనోడు, ముట్టనోడు, ఆయనకైతదని ఎన్నడన్న భయపడ్డమా? ఇయ్యాల ఖాజా బతుకు మీదికి తెస్తిమి. నేను భయపడుడు సాలలేదు తమ్మీ.”

అప్పటిదాకా భయం అంటే మనిషి తనను తాను దాచుకునే మూల అనుకునేవాణ్ణి. ఆమె భయం అలాంటిది కాదని ఆ రోజు తెలిసింది. తెలిసినవాళ్ళందరినీ కళ్ళముందు వరసగా నిలబెట్టుకుని, ఒక్కొక్కరికీ ఏమవుతుందోనని భయపడేది. ఒకరు వరసలో లేకుండా పోయారని ఆమె బాధ. ఆమె అంటే నాకు ఇష్టం ఎప్పుడూ ఉండేది. గౌరవం ఆ రోజునుంచి మొదలైంది.

నర్సయ్య బిడ్డ బతికింది. లచ్చక్క ఆ చలికాలమే కఫీల్‌ను బతిమాలి పాసుపోర్టు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టులో సామాను తనిఖీ దగ్గర, సంచీలో పచ్చడి సీసా తప్ప ఏమీ లేకపోయినా, ఆమె చేతులు వణుకుతున్నాయి. ఖాజా భాయ్ ఆ తరువాత ఏడాదికి బోధన్ వెళ్ళిపోయాడు. నేను మిగిలాను. చెల్లె పెళ్ళి అయింది, సూపర్‌వైజర్ అయ్యాను. నర్సయ్య బిడ్డ పెద్దదై పెళ్ళిచేసుకుంది. అల్లుడికి వీసా చూడమని నర్సయ్య ఫోన్ చేస్తే నేనే మా కంపెనీలో పెట్టించాను. ఆ అల్లుడే పోశెట్టి.

రెండేళ్ళ కిందటి సెలవులో లచ్చక్కను చివరిసారి చూశాను. అదీ ఆషాఢమే. మనిషి ఎండిపోయింది, కొన్ని గుర్తున్నాయి, కొన్ని లేవు. కోడలు చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఇంటి వెనక ఎల్లమ్మ రాళ్ళ దగ్గరికి వచ్చి ముంతతో కల్లు సాక పోసింది. తరువాత కోడలి చేతిలోంచి చిన్న చెంబు తీసుకుంది. అందులో చక్కెర షర్బతు. దాన్ని కొంచెం పక్కగా, కల్లు తడి తగలని చోట, జాగ్రత్తగా పోసింది. ఇది ఎవరికక్కా అన్నాను.

“ఖాజా పేరు మీద. ఆయన కల్లు ముట్టడు గద.”

కోడలు నవ్వింది, ప్రతి ఏడూ ఇంతేనని. నాకు ఏడుపు ఆగలేదు. లచ్చక్క నన్ను కాసేపు చూసి, ఏదో గుర్తుకు వచ్చినట్టు ముఖంలో ఆ పాత కంగారు తెచ్చుకుని, గొంతు తగ్గించి అడిగింది, “సీసాలన్నీ వచ్చినయా తమ్మీ?” అన్నీ వచ్చినయక్కా అని చెప్పాను. అప్పుడు గానీ ఆమె ముఖం నెమ్మదించలేదు.

పంపు రూములో ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తలుపు కిర్రుమంది. పోశెట్టి గడపలో ఆగిపోయాడు. కుర్చీలో నన్ను చూశాడు, నా పక్కన బకెట్‌ను చూశాడు. చేతిలోని స్పానరు సన్నగా వణకసాగింది. ఆ వణుకు నాకు కొత్త కాదు.

“తలుపు ఎయ్యి” అన్నాను. “ముందుగాల ఎవలు తాగి సూసిన్రు?”

“నేనే అన్నా. తాగి తెల్లారేదాక ఆగిన. మామ చెప్పిండు, గట్లనే చెయ్యాల్నని.”

“ఇంకెవలకన్న ఇచ్చినవా?”

వాడు తల వంచుకున్నాడు. “ఒక్క సీస. గేటు కాడ సెక్యూరిటీ చేసే నేపాలీ ఆయనకు. పండుగ అంటే ఇచ్చిన.”

గేటు దగ్గర మనిషి. మళ్ళీ ఖాజా భాయ్ లాంటివాడే. ఇక్కడ ఉన్నదంతా ఈ పూటే పారబోయాలని చెప్పాను, వాడు సరే సరేనని తల ఊపాడు. వాడి పెళ్ళి ఫోటోలో నేను చూసిన పిల్ల, పసుపు పూసిన ఆ సీసా ఎవరికోసం పెట్టారో ఆ పిల్ల, ఈ పూట ఊళ్ళో ఏ పనిలో ఉందో. ఆమెకు ఏదీ తెలియకుండానే ఇది ముగియాలి.

“ముందుగాల ఆ సీస తీస్కరాపో. నిండుదైనా, ఖాళీదైనా. అది వచ్చేదాక నేను ఈడనే ఉంట.”

పోశెట్టి పరుగెత్తాడు. వాడి చెప్పుల చప్పుడు మెట్లమీద దూరమైంది. నేను సంచీలోంచి నా టిఫిన్ బాక్సు తీసి బకెట్ మీద పెట్టుకున్నాను. ఆకలి లేదు. మూత తీసి, తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.